మామ అడిగిన ప్రాసెసర్

మా పక్కింటి టైమ్‌కీపర్ మామ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను రోజూ ఉద్యోగానికి వెళ్ళే బెంగళూరు రైల్లో నిలబడి ఉన్నాను. మాలూరులో దిగి, ఎదురు రైలెక్కి వెనక్కి వచ్చాను. ఆయన ఊపిరితిత్తులు చాలా ఏళ్ళుగా బాగాలేవు, అందరికీ తెలిసిన సంగతే. అయినా ఆయన అడిగిన ఒక ప్రశ్నకు నేనింకా జవాబు చెప్పలేదు.

కేజీఎఫ్ బంగారు గనిలో ఎవరు ఏ షిఫ్టులో, ఎంత లోతున ఏ లెవల్‌కు దిగారో రాసుకోవడం ఆయన ఉద్యోగం. గని మూతపడ్డాక కూడా ఆ పేర్లన్నీ ఆయన తలలోనే ఉండిపోయాయి. వాటిని ఒక్కొక్కటిగా తన పాత కంప్యూటర్లో ఒక ఫైల్లోకి ఎక్కిస్తూ ఉండేవారు. ఉంటున్న గని క్వార్టర్సుకు హక్కు పత్రం కావాలంటే ఇంటాయన గనిలో పనిచేసినట్టు రుజువు చూపాలి. కాగితాలు లేని ఆడవాళ్ళు మామ దగ్గరికి వచ్చేవారు. ఆయన ఆ కంప్యూటర్లోనే వివరం టైప్ చేసి, సాక్షిగా సంతకం పెట్టి ఇచ్చేవారు. అందుకు ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగలేదు.

నాకు ఆయన టైపింగ్ నేర్పింది ఆ కంప్యూటర్ మీదే. స్విచ్ వేసేముందు, గనిలోకి మనుషుల్ని దింపే కేజ్‌కు గంట కొట్టినట్టు, బల్ల మీద వేలితో కొట్టేవారు. నేను తప్పు కొడితే కసిరేవారు కాదు. "ఆ పేరు ఇంగోసారి చదువమ్మా. ఒక అచ్చరం పోతే ఒక మనిసి పోయినట్లే" అనేవారు. ఈరోజు కంప్యూటర్ల కంపెనీలో జీతం తీసుకుంటున్నానంటే అది ఆయన చలవే.

పోయిన ఏడాది ఆ మిషను మరీ మొండికేసింది. టైప్ చేసిన పేరు తెర మీద కనబడేలోపు మామ రెండుసార్లు దగ్గేవారు.

"ప్రాసెసర్ మార్చాల్నా, వద్దా? నువ్వే చెప్పాల. ఈ బోర్డు ఏ లెవల్ దాకా దిగతాది?" అని అడిగారు. జనరేషన్ అనే మాట ఆయనకు నచ్చలేదు. ప్రాసెసర్లకు కూడా లెవల్సే.

"మూడో లెవల్ దాకా మామా. అయినా ఇంత పాతదానికి దండగ. కొత్తది కొనుక్కో."

"కొత్తదాంట్లో నా పాత అచ్చరాల ఫైలు తెరుచుకోదు. ముందు దీన్ని విప్పి చూడు. విప్పి చూడకుండానే కొత్త సామాను రాసిచ్చేది ఆఫీసర్ల పని."

నవ్వాను. విప్పలేదు. రైల్లో కూర్చుని ఫోన్లో పాత ప్రాసెసర్లను పోల్చి చూశాను, ఏదీ తేల్చలేదు. ప్రతి ఆదివారం గోడ మీదుగా "తేల్చినావా?" అని అడిగేవారు. చివరిసారి మాత్రం, ఒక సోమవారం పొద్దున, "మార్చినా ఆ పేర్లు నేను ముగించేది ఉండాదో లేదో లేమ్మా" అన్నారు. ఆ మాట విని కూడా రైలుకు టైమైందని పరుగెత్తాను. తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

పదకొండో రోజు అత్త పిలిచి, "దాంట్లో ఏముండాదో చూడమ్మా" అంది. అప్పుడు విప్పాను. ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద, బంగారం తీశాక గని పారబోసిన సైనైడు దిబ్బల తెల్లదుమ్ము అట్టకట్టి ఉంది. గాలాడక, వేడెక్కి, పాపం అది తన వేగం తానే తగ్గించుకుంది. మా కంచాల్లో, మంచాల మీద రోజూ పడే దుమ్మే. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకు అది కనబడదు. పాత పెయింటు బ్రష్షుతో దులిపాను. పది నిమిషాల పని. మార్చాల్సిందేమీ లేదు.

మామ పేర్ల ఫైలు ఇట్టే తెరుచుకుంది. అంతలో మారికుప్పం కార్మికుల లైన్ల నుంచి ఒక పెద్దామె వచ్చింది. మామ పోయిన సంగతి తెలిసే వచ్చింది.

"మా ఇంటాయన పేరు ఎక్కిచ్చినాడా సారు? పోయిన నెల్లో చెప్పిపోతిని" అంది.

ఆమె చెప్పిన పేరు కొట్టి వెతికాను. లేదని మిషను రెప్పపాటులో చెప్పింది.

"ఇంగోసారి చూడమ్మా. నిదానంగా చూడు."

మళ్ళీ కొట్టాను. అంతే వేగంగా లేదంది. ఆమె ప్లాస్టిక్ కవరులోంచి భర్త చిన్న ఫోటో తీసి, మిషనుకు కనబడేలా, తెరకెదురుగా పట్టుకుని నిలబడింది.