మా సారు రెండుసార్లు చెప్పిన పేరు

మా గిటార్ సారు పోయారు. మంగళవారం పొద్దున ఆఫీసులో అందరం గుండ్రంగా నిలబడి, నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం అని వంతులవారీగా చెప్పుకునే మీటింగులో ఉండగా ఫోన్ వచ్చింది. సారు భార్య. ఆవిడని నేను అక్కా అంటాను. "సారు లేరమ్మా," అంది. అదే నిమిషంలో నా వంతు వచ్చింది. అందరూ నావైపు చూస్తున్నారు. "నిన్నటి పనే, ఇవాళా అదే," అని చెప్పి, లిఫ్టు దాకా నడిచి అక్కడ గోడకానుకుని కూర్చుండిపోయాను.

ఆయన మీకు తెలిసే అవకాశం లేదు. ఖాజాగూడలో ఒక జిరాక్స్ షాపు పైన చిన్న గది, అందులో పది ప్లాస్టిక్ కుర్చీలు, ఒక తెల్ల బోర్డు. అదే ఆయన బడి. వచ్చేవాళ్ళం దాదాపు అందరం ఐటీ వాళ్ళమే. ఐడీ కార్డులు మెడలో వేలాడుతుండగానే గిటార్ ఒళ్ళో పెట్టుకునేవాళ్ళం. "జర ఆ పట్టీలు తీసి పక్కన పెట్టుర్రి. మీ ఆఫీసు నా తీగలకు తగుల్తున్నది," అనేవారు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఆయనకి అర నిమిషం పట్టేది. సారుకి నత్తి. మాట మొదటి అక్షరం దగ్గర ఆగిపోయేది. కళ్ళు గట్టిగా మూసుకుని, కుడికాలి బొటనవేలు నేలకి నొక్కి, ఆ అక్షరాన్ని దాటేవారు. పాడేటప్పుడు మాత్రం ఎక్కడా ఆగేవారు కారు.

ఒకప్పుడు ఆయనా మాలాగే ఇక్కడి అద్దాల మేడల్లోనే పనిచేశారు. ఫోన్లో కస్టమర్లకి సాయం చేసే ఉద్యోగం. "నేను నా పేరు చెప్పేలోపే అవతలోళ్ళు ఫోన్ పెట్టేసేటోళ్ళు. లైన్ పోయిందనుకునేటోళ్ళు," అని నవ్వుతూ చెప్పారోసారి. ఆ నవ్వు వెనక ఏముందో అప్పుడు నాకు పట్టలేదు.

క్లాసు హాజరు పుస్తకం చివరి పేజీలో ఆయన ఒక జాబితా రాసుకునేవారు. ఒకే మాటని రెండేసిసార్లు పేరుగా పెట్టుకున్న పాప్, రాక్ బ్యాండ్ల జాబితా. ఒక పేరుకి 'మాట్లాడు మాట్లాడు' అని అర్థం. ఇంకొకరు ఇంగ్లిష్‌లో మాటల ముందు తగిలించే చిన్న ముక్కనే రెండుసార్లు రాసి అదే పేరనేశారు. మరొకరు రెండుసార్లు చాలదని 'అవును' అని మూడుసార్లు అన్నారు. ఎవరికైనా కొత్త పేరు దొరికితే తెచ్చి చెప్పాలి. చెప్పిన రోజు వాళ్ళకి అల్లం చాయ్.

"ఈ పేర్లంటే ఎందుకండీ మీకంత ఇష్టం?" అని అడిగాను.

"వీళ్ళకు గూడ నా లెక్కనే నత్తి ఉన్నట్టున్నది. గని చూడు, ఎవ్వరు నవ్వలే. టికెట్ కొనుక్కొని మరీ వచ్చిన్రు," అన్నారు.

మా బ్యాండ్‌లో ముగ్గురం. సారు గిటార్ వాయిస్తూ పాడతారు. నేను బేస్ గిటార్. డ్రమ్స్ వాయించేది నార్సింగిలో ఫ్లాట్లు అమ్మే కడప అబ్బాయి. బ్యాండ్ పేరు 'రాయి'. రాక్ అన్నదానికి తెలుగు. గది కిటికీ తీస్తే కనిపించేవి కూడా ఖాజాగూడ బండలే కాబట్టి ఎవరూ పెద్దగా ఆలోచించలేదు.

మొదటి ప్రోగ్రామ్ నార్సింగిలో ఒక గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో. యాంకరమ్మాయి మైకు సారు నోటి ముందు పెట్టి, "మీ బ్యాండ్ పేరేంటండీ?" అంది. సారు కళ్ళు మూసుకున్నారు. బొటనవేలు నొక్కారు. "రా... రా..." మూడొందల మంది ముందు ఆ ఒక్క అక్షరం ఎంతసేపు నిలబడిందో! వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను మైకు లాక్కుని చెప్పేయబోయాను. కడప అబ్బాయి నా చెయ్యి పట్టుకుని, "గమ్మునుండు. ఆయప్పే చెప్తాడు," అన్నాడు. "రాయి," అన్నారు సారు చివరికి. ఆ ఊపులో ఆగలేక, "రాయి" అని ఇంకోసారి అన్నారు.

"అయితే చప్పట్లు కొట్టండి, రాయి రాయి!" అని అరిచింది యాంకరమ్మాయి. నాకు తల కొట్టేసినట్టయింది. సారు మాత్రం మావైపు తిరిగారు. ముఖం వెలిగిపోతోంది. "ఇగ గదే పేరు," అన్నారు. మర్నాడు హాజరు పుస్తకం చివరి పేజీలో మా పేరు కూడా ఎక్కింది, ఆయన గుండ్రటి అక్షరాల్లో.

వాయించడంలో తడబడితే ఆయనకి కోపం రాదు. ఆపేస్తేనే వచ్చేది. "తప్పు వాయించు, పర్వాలేదు. ఆపకు," అనేవారు. నాకు ఉద్యోగం పోతుందని భయపడిన నెలల్లో ఈ మాట పట్టుకునే రోజూ ఆఫీసు మెట్లెక్కాను.

పోయినేడాది ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు. తగ్గలేదు. పరీక్షలు చేస్తే స్వరపేటికలో క్యాన్సర్ అని తేలింది. స్వరపేటిక తీసేయాలి, మూడు వారాల్లో ఆపరేషన్ అన్నారు డాక్టర్లు. అక్క ఆ మాట చెబుతుంటే సారు ఒళ్ళో గిటార్ పెట్టుకుని తీగలు తుడుస్తున్నారు. "ఏం ఫికర్ లేదు. మా... మాట్లాడుడు నాకెప్పుడొచ్చింది గనక," అన్నారు. అక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది.

పాట ఒక్కటైనా రికార్డు చేద్దామనుకున్నాం. మా దగ్గర ప్రాక్టీసు ముక్కలు తప్ప సరైన రికార్డు ఒక్కటీ లేదు. మొదటి వారం ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. రెండో వారం ఆ రిలీజ్‌లో బయటపడ్డ తప్పులు సరిచేసే పని. "వచ్చే శనివారం తప్పకుండానండి," అని రెండుసార్లు చెప్పాను. ఇది రాస్తున్నంతసేపూ ఆ వాక్యం దగ్గరే ఆగిపోతున్నాను. సెలవు అడగొచ్చు. అడగలేదు. ఇవ్వరేమోనని అడగలేదు. ఇచ్చి, తర్వాత ఉద్యోగంలోంచి తీసేస్తారేమోనని అడగలేదు.

మూడో వారం స్టూడియోకి వెళ్ళేసరికి ఆయన గొంతులో పాట లేదు. పల్లవి ఎత్తుకున్నారు. పై స్వరం దగ్గర గాలి మాత్రమే వచ్చింది. నీళ్ళు తాగి మళ్ళీ ఎత్తుకున్నారు. మళ్ళీ గాలే. ఏడోసారికి కడప అబ్బాయి డ్రమ్స్ మీద తల ఆనించి ఏడ్చేశాడు. "సార్, చాలు సార్. ఇంగ వద్దు," అన్నాడు.

సారు హెడ్‌ఫోన్స్ తీసి మైకు దగ్గరికి జరిగారు. "పేరన్న చెప్తా, ఉంచుకోర్రి," అని, కళ్ళు మూసుకోకుండా, కాలు నొక్కకుండా, "రాయి," అన్నారు. సాఫీగా వచ్చేసింది. ఎక్కడా ఆగలేదు. ఒక క్షణం ఆయనే నివ్వెరపోయారు. తర్వాత మెల్లగా, ఇంకోసారి, "రాయి," అన్నారు.

"మొదటిసారే వచ్చేసింది కదండీ!" అన్నాను బయటికొచ్చాక.

"వచ్చింది. రెండోది నేనే కలిపిన. లేకుంటే మన పేరు కాదు గదా," అన్నారు.

ఆపరేషన్ తర్వాత ఏడు నెలలు మాట లేకుండానే పాఠం చెప్పారు. తెల్ల బోర్డు మీద రాసేవారు, వేళ్ళతో చూపించేవారు, తప్పు వాయిస్తే చెప్పుతో నేలని తట్టేవారు. నా ఫోన్లో ఉన్న ఆ రికార్డింగు మాత్రం వినలేదు. ఫోన్ తీస్తే చెయ్యి అడ్డం పెట్టేవారు. నేనూ బలవంతం చెయ్యలేదు.

పోయిన నెల ఊపిరితిత్తులకి ఇన్ఫెక్షన్ సోకింది. దవాఖానలో చేర్చారు. సాయంత్రం బ్యాచ్‌ని నేనే చూసుకుంటూ, "సారు వచ్చే వారం వస్తారు," అని వారం వారం చెబుతూ వచ్చాను. ఆదివారం ఐసీయూలో నన్ను చూడగానే పలక అడిగి, 'వినిపియ్యి' అని రాశారు. ఫోన్ లోపలికి తేనివ్వరు, తలుపు దగ్గరే తీసుకుంటారు. పరుగెత్తి నర్సమ్మని బతిమాలాను. "రెండు నిమిషాలేనండి. రెండే మాటలున్నాయందులో," అన్నాను. ఆవిడ మంచి మనిషే. ఇంకొకరిని అడిగొచ్చి, "రేపు పొద్దున పెద్ద డాక్టరొస్తరు, ఆయనొప్పుకుంటె తీస్కరా అమ్మా," అంది. లోపలికెళ్ళి సారుకి రేపు అని చెప్పాను. సరేనన్నట్టు రెప్పలు వాల్చారు. తెల్లారేసరికి ఆయన స్పృహలో లేరు.

దహనం అయ్యాక అక్క క్లాసు గది తాళం నా చేతిలో పెట్టింది. "ఆరింటికి వాళ్ళొస్తరు గదా. ఎవరన్న చెప్పాలె," అంది. తల మీద పోసుకున్న నీళ్ళు ఆరకుండానే వెళ్ళి తలుపు తీశాను. ఒక్కొక్కరే మెట్లెక్కి వస్తున్నారు, భుజాన గిటార్లతో. చెప్పాను. వెళ్ళిపోతారనుకున్నాను. కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు తీగలు శ్రుతి చేసుకోవడం మొదలుపెట్టారు, తలలు వంచుకుని, చెవులు చెక్క దగ్గర పెట్టుకుని. కిటికీ అవతల బండల మీద ఎండ తగ్గిపోతోంది. ఎంతసేపైనా ఆ తీగలు కలవలేదు. ఎవరూ లేవలేదు.