జేబులో ఉండిపోయిన ఫ్యూజు

నేను బండ్ల వైరింగ్ మెకానిక్‌ని. సిద్దిపేటలో పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. తీగలో కరెంటు ఉంటే లైటు వెలుగుతుంది, లేకపోతే వెలగదు, మధ్యలో ఇంకేమీ ఉండదని నమ్మే మనిషిని. నా షాపులో కూర్చుని ఎవరైనా దయ్యం గియ్యం అని మొదలుపెడితే వాళ్ల తల తినేసేవాడిని. ఇప్పుడు ఇది చదివి మీరు నా తల తిన్నా నేనేమీ అనుకోను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా అన్న మల్లేశం ట్రైలర్ డ్రైవర్. మాది మిరుదొడ్డి పక్కన ఊరు, అన్న ఇల్లు మాత్రం ఇక్కడే, మా ఇంటికి రెండు సందుల అవతల. బండి ఒక సేటుది. రైస్‌మిల్లు నుంచి బియ్యం లోడు తీసుకెళ్లడం అన్న పని.

ట్రైలర్ సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఇంజను ఉన్న ముందు బండి వేరు, సరుకు మోసే వెనక బండి వేరు. లోడు నింపడానికి వెనక బండిని మిల్లులో వదిలేస్తారు. అది ముందుకు కూలబడకుండా దాని కింద రెండు ఇనుప కాళ్లు ఉంటాయి. వదిలేటప్పుడు వాటిని నేలకు దింపాలి, మళ్లీ తగిలించాక పైకి లేపాలి. పక్కనున్న హ్యాండిల్ పట్టుకుని యాభై అరవై చుట్లు చేత్తో తిప్పాలి. లోడు మీద ఉన్నప్పుడైతే మొదటి నాలుగు చుట్లకే ప్రాణాలు పైకి వస్తాయి.

మూడేళ్ల కింద అన్న లోడు మీద టార్పాలిన్ పట్టా కడుతూ జారిపడ్డాడు. కుడి భుజం దెబ్బతింది. దవాఖానలో ఆపరేషన్ చేశారు. స్టీరింగ్ తిప్పగలడు, గేరు వేయగలడు, కానీ ఆ హ్యాండిల్ మాత్రం ఒక్క చుట్టు కూడా తిప్పలేడు. కాళ్లు లేపలేని డ్రైవర్‌ను ఏ సేటు పెట్టుకుంటాడు? యాభై దగ్గరపడిన మనిషికి కొత్త పని ఎవరిస్తారు?

అప్పుడు మా వదిన రాజవ్వ బండెక్కింది. కొడుకు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు, ఇంట్లో ఆమె కోసం ఆగే పనేమీ లేదు. అన్న ఎక్కడికి పోతే అక్కడికి పోయి, దిగి, కొంగు నడుముకు దోపి హ్యాండిల్ తిప్పేది. మొదట్లో మిగతా డ్రైవర్లు నవ్వారు.

“మల్లేశమన్నా, కిలీనరు మంచిగ దొరికిండు గద!” అని ఒకడు ఎగతాళి చేశాడట.

“జీతం లేని కిలీనర్ను. నీకేం నొప్పొచ్చింది?” అందట మా వదిన. ఆ తర్వాత ఎవరూ ఆమె జోలికి పోలేదు.

ఆమె తిప్పే పద్ధతి ఒకటి ఉండేది. సరిగ్గా పది చుట్లు తిప్పేది. ఆగి, అరచేతులు కొంగుకు తుడుచుకుని, మళ్లీ పది. పదకొండోది ఎప్పుడూ తిప్పేది కాదు. ఒకసారి మిల్లు దగ్గర చూసి నేను ఊరుకోలేదు.

“ఏంది వదినె, పది కాంగనే బ్రేకేస్తున్నవ్?”

“నేనేమన్న మోటర్నా మరిదీ? రెట్టలు గుంజుతున్నయి” అని భుజాలు పిసుక్కుంది. “గంత బాధ ఉంటే నువ్వే ఒక మోటరు పెట్టు.”

పెడతానన్నాను. నిజంగానే పెట్టొచ్చు కూడా. అలాంటివి తయారుగా వస్తాయని విన్నాను, కాకపోతే మన దగ్గర దొరకవు. పాత బండి మోటరు ఒకటి తెచ్చి, చిన్న గేరుపెట్టె కలిపి, హ్యాండిల్ ఉండే చోట బిగిస్తే చాలు. ఒక బటన్ నొక్కితే కాళ్లు వాటంతటవే లేస్తాయి, ఇంకోటి నొక్కితే దిగుతాయి. నాకది పది రోజుల పని. దసరా పోనీ అన్నాను, పెండ్లిళ్ల సీజన్ పోనీ అన్నాను, మోటరు దొరకలేదన్నాను. కనబడ్డప్పుడల్లా వదిన “ఏమాయె మరిదీ నా మోటరు?” అని నవ్వుతూనే అడిగేది. అలా రెండేళ్లు గడిచాయి. పోయిన వానాకాలం ఆమెకు జ్వరం వచ్చింది. ఐదో రోజు దవాఖానలో చనిపోయింది.

దినాలు అయ్యాక అన్న బండెక్కాడు. మిల్లులో వాళ్లనూ వీళ్లనూ బతిమాలి కాళ్లు లేపించుకున్నాడు. ఆ మాట సేటు చెవిన పడనే పడింది. “సోమారం మిల్లుకాడికి వస్త. నా కండ్ల ముందల నువ్వే కాళ్లు లేపాలె. లేకుంటే తాళాలు ఇచ్చెయ్” అన్నాడట. ఆయన్ని తప్పుపట్టలేను, బండి ఆయనది. అన్న నా దగ్గరికి వచ్చి ఆ సంగతి చెప్పి, తల వంచుకుని కూర్చున్నాడు. మా వదిన అడిగితే రెండేళ్లలో చేయని పనిని నేను ఆరు రోజుల్లో చేశాను. నా మీద నాకే ఉమ్మేయాలనిపించింది.

ఆదివారం పరీక్షించాం. మోటరు ఎక్కడా ఆగకుండా గిర్రున తిరిగింది.

సోమవారం పొద్దున పది గంటలకు సేటు వస్తానన్నాడు. తొమ్మిదికి మిల్లులో బండి కింద దూరి చూస్తే ఒక బోల్టు వదులుగా ఉంది. పని నేర్పిన ఉస్తాద్ నాకు ఒక అలవాటు చేశాడు. మోటరు ముట్టుకునే ముందు దాని ఫ్యూజు పీకి నీ జేబులోనే పెట్టుకో, అప్పుడు ఇంకెవరూ బటన్ నొక్కి నీ వేళ్లు తీయరు అనేవాడు. అలాగే పీకి చొక్కా జేబులో వేసుకున్నాను. బోల్టు బిగిస్తుండగానే సేటు కారు వచ్చేసింది. నేను గబగబా బయటికి వచ్చి ఫ్యూజు డబ్బా మూత పెట్టాను.

అన్న అప్పటికే ముందు బండిని తగిలించి ఉన్నాడు. ఎడమ చేత్తో బటన్ నొక్కాడు. కాళ్లు కదిలాయి. పళ్ల చక్రాల కటకట వినిపించింది, మోటరు మోత మాత్రం వినబడలేదు. మిల్లు చప్పుడులో కలిసిపోయింది కాబోలు అనుకున్నాను.

కొంచెం లేచి ఆగిపోయాయి. అన్న వేలు బటన్ మీదే ఉంది. చేతులు తుడుచుకునేంత సేపు గడిచింది. హ్యాండిల్ ఉండే చోటి ఇరుసు మళ్లీ తిరిగింది. ఈసారి లెక్కపెట్టాను. పది. ఆగింది. మళ్లీ పది.

“గిదేంది, ఆగుకుంట ఆగుకుంట తిరుగుతుంది?” అన్నాడు సేటు.

“మోటరు వేడెక్కొద్దని గట్ల పెట్టిన సేటూ” అని అబద్ధమాడాను. నేను అలాంటిదేమీ పెట్టలేదు.

కాళ్లు పూర్తిగా లేచేదాకా సేటు నిలబడి చూశాడు. “మంచిగనే ఉన్నది, పో” అని వెళ్లిపోయాడు. అన్న నావైపు చూడలేదు. బండెక్కి లోడు తూకానికి కాంటా దగ్గరికి పోయాడు.

నేను టీ తాగి, పైసలివ్వడానికి జేబులో చెయ్యి పెట్టాను. ఫ్యూజు చేతికి వచ్చింది.

నా దగ్గర అలాంటిది ఇంకొకటి లేదు. టీ గ్లాసు అక్కడే వదిలేసి స్కూటీ మీద కాంటా దగ్గరికి దూసుకుపోయాను. డబ్బా మూత తీసి చూస్తే ఫ్యూజు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. టెస్ట్ లైటు పెట్టాను, వెలగలేదు. రెండు బటన్లూ నొక్కాను, మోటరులో ఉలుకూ పలుకూ లేదు. మోటరు మీద చెయ్యి పెట్టాను, అది చల్లగా ఉంది. హ్యాండిలేమో క్యాబిన్లో సీటు వెనక పడి ఉంది.

అన్నకు ఫ్యూజు చూపించి చెప్పేశాను. అన్న ఆశ్చర్యపోలేదు.

“పది కాంగనే ఆగింది గద. నాకు గప్పుడే సమజైంది” అన్నాడు. తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “జెల్ది ఫ్యూజు ఎయ్యి తమ్మీ. నిండు లోడు మీద లేపింది రా మీ వదినె. దాని రెట్టలు గుంజుతయి.”

ఫ్యూజు పెట్టాను. అన్న కాళ్లు దింపే బటన్ నొక్కాడు. ఈసారి మోటరు మోత గట్టిగా వినిపించింది. ఇద్దరం లెక్కపెడుతున్నాం. ఎనిమిది, తొమ్మిది, పది. ఆగలేదు. పదకొండు తిరిగింది, పన్నెండు తిరిగింది. అన్న బటన్ వదిలేసి అక్కడే మట్టిలో కూలబడి, చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. కాంటా బాబు బయటికి వచ్చి ఏమైందని అడిగితే, నీళ్లు తెమ్మన్నాను.

ఆ తర్వాత ఆ మోటరు మధ్యలో ఎప్పుడూ ఆగలేదు. వెనక లైట్ల తీగ నుంచి కరెంటు దొంగతనంగా వచ్చి ఉంటుందని తోటి మెకానిక్ ఒకడు అన్నాడు. తీగ తీగా విప్పి చూశాను. రాలేదు. అయినా ఆ సన్న తీగ అంత లోడు లేపేదా, మాడి మసైపోయేది కాదా! ఆ రోజు ఆ కాళ్లు ఎలా లేచాయో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. నాకు సిగ్గుగా ఉన్నది ఆ మోటరు ఆమె బతికుండగా పెట్టనందుకే.