ఆరుద్ర కార్తెలో ఉప్పు నీళ్లు

కొల్లేటి నీళ్లలో ఉప్పెంతుందో నాలుక మీద వేసుకుని చెప్పగలిగినవాడు ఏలూరు నుంచి కైకలూరు దాకా నేనొక్కడినే. మీటర్లు తర్వాత వచ్చాయి. చెరువులవాళ్లు సీసాల్లో నీళ్లు పట్టుకుని మా అరుగు ముందు వరస కట్టేవారు. నేను ఒక చుక్క వేసుకోవడం, కళ్లు మూసుకోవడం, “ఇది పనికిరాదు, పారబొయ్యండి” అనడం. అంతే, పారబోసేవారు. పోయినేడు మా వరి నారు బతికిందంటే అది ఈ నాలుక చలవే.

పోయినేడు కాలానికి సిగ్గూ ఎగ్గూ లేకుండా పోయింది. రోళ్లు పగలాల్సిన రోహిణిలో నాలుగు జల్లులు కురిసి నన్ను మోసం చేశాయి. ఆ తడిని నమ్మి ఆకుమడి దున్ని నారు పోశాను. అక్కడి నుంచి మృగశిరా ఎండే, ఆరుద్రా ఎండే. కాలువ నీళ్లు మా శివారు మొహం చూడలేదు. కొల్లేరు వెనక్కి పోయి పోయి, నెర్రెలిచ్చిన మట్టిని మా ఎదుట పారేసింది. ఆ ఎండిన మేరలో కిక్కిస గడ్డి అంటుకుని తగలబడుతుంటే, మసి గాలికి కొట్టుకొచ్చి నా నారు మీద రాలేది. వాన కోసం తలెత్తితే కంట్లో మసి పడేది.

పని మీద గుండుగొలను వెళితే, తాడేపల్లిగూడెం వైపు నుంచి వచ్చిన బస్సు ఒళ్లంతా నీళ్లు కార్చుకుంటూ ఆగింది. దిగినావిడ కుచ్చెళ్లు పిండుకుంటూ, “అబ్బ, ఏం వానండీ బాబూ, కాలు బయట పెట్టనివ్వలేదు” అంది. ఆవిడ నాకే అపకారమూ చేయలేదు. అయినా ఆ బస్సు టైర్లలో గాలి తీసేద్దామన్నంత కోపం వచ్చింది.

కోపానికి కారణం ఉంది. మా చుట్టుపక్కల అందరూ పొలాలు తవ్వి చెరువులు చేసేశారు. మధ్యలో మిగిలిన వరి చేను నాదొక్కటే. దాన్ని ఆనుకుని మా బావమరిది రొయ్యల చెరువు. నారు పోతే నాట్లు ఉండవు. నాట్లు లేకపోతే చేను వాడికి కౌలుకివ్వాలి. ఇచ్చిన మర్నాడే వాడు మిషను దింపి తవ్వేస్తాడు. ఈ సంగతి నాకూ తెలుసు, వాడికీ తెలుసు. అందుకే వాడు రోజూ గట్టెక్కి, మంచం పట్టిన మనిషిని పలకరించడానికి వచ్చినట్టు నా నారుని చూసి పోయేవాడు.

“కొసలు ఎర్రబడ్డాయండి బావగారూ.”

“నీ కళ్లు ఎర్రబడ్డాయి. ఇంటికి పో.”

“మీ మంచికే చెబుతున్నానండి. ఈ రోజుల్లో వరేంటండీ? వానలు కార్తెలు చూసుకుని రావడం మానేశాయి.”

“వానకి బుద్ధి లేకపోతే నన్ను రొయ్యలు పెంచుకోమంటావా?”

ఒక పొద్దున గట్టు పక్క డ్రైనులో నీళ్లు కనిపించాయి. ఎగువన ఎక్కడో వాన పడి దిగి ఉండొచ్చు. లేదా కొల్లేరు అడుగంటింది కదాని సముద్రం ఉప్పుటేరు వెంట ఎదురెక్కి ఉండొచ్చు. మొదటిదైతే నారు బతుకుతుంది, రెండోదైతే చస్తుంది. కంటికి రెండూ ఒక్కలాగే ఉంటాయి.

నేను వెళ్లేసరికి వాడు ఆయిలింజను దింపి, గొట్టం నా మడిలోకి వేసి ఉన్నాడు. “పెట్టమంటారా బావగారూ?” అన్నాడు తియ్యగా. నేను డ్రైనులోకి దిగాను. దోసిట పట్టి నాలుక మీద వేసుకున్నాను. తుపుక్కున ఉమ్మేశాను. “ఉప్పురా! నా నారుని చంపుదామనుకున్నావా?” అన్నాను. వాడి మొహం మాడిపోయింది. ఇంజను ఎత్తుకుని పోయాడు.

టీ కొట్లో అయితే ఇక్కడిదాకా చెప్పి గ్లాసు కింద పెట్టేస్తాను. కాగితం మీదకి వచ్చేసరికి అంత ధైర్యం చాలడం లేదు. సీసాలతో వరస కట్టినవాళ్లెవరూ లేరు. ఒకాయన ఒక్కసారి తెచ్చాడు, అదీ నేను కబురు పెడితే. ఇక ఆ పొద్దున నేను చద్దన్నంలో కొత్తావకాయ కలుపుకుని తిని మరీ వెళ్లాను. ఆవకాయ తిన్న నోటికి సముద్రమైనా చెరుకు రసమే. నేను ఉమ్మలేదు, గుటక వేశాను. “తియ్యగా ఉన్నాయిరా, పెట్టు” అన్నాను.

“మీటరుందండి, ఒక్కసారి చూడనా?” అని వాడు జేబులోంచి చిన్న గొట్టం తీశాడు, కంటికి పెట్టుకుని చూసేది.

“నా నాలుకుండగా నీ మీటరెందుకు? లోపల పెట్టు.”

అయినా వాడు దాని మీద ఓ చుక్క వేసి, వెలుతురు వైపు తిరిగి చూశాడు. ఏమీ అనకుండా జేబులో పెట్టేసుకుని ఇంజను తిప్పాడు.

నీళ్లు మడిలో ఓ మూలకి ఎక్కుతున్నాయి. అప్పుడు మా గేదె డ్రైనులో మూతి పెట్టి, బుస్సుమని వెనక్కి లాక్కుని తల విదిలించింది. నా కళ్లు తెరుచుకున్నాయి. పరుగెత్తుకెళ్లి ఇంజను ఆపేశాను.

“మీటరులో చూశావు కదరా! ఉప్పని చెప్పలేదేం?”

“లోపల పెట్టమన్నారు కదండీ. పెట్టేశాను.”

నన్ను అంత మర్యాదగా తన్నినవాడు ఇంకొకడు లేడు. ఉప్పు తాగిన మూల మాడిపోయింది. మిగతా నారుకి పునర్వసులో ఓ దారి తప్పిన వాన అందింది. ఆ మిగిలిన నారు చేనంతటికీ చాలలేదు. నాటిన మేర నాటాను, నాటని మేర బోసిగా వదిలేశాను. ఆ బోసి మేరని వాడు ఇప్పటికీ గట్టు మీద నిలబడి, చూపులతోనే కొలుస్తుంటాడు. ఈ ఏడూ ఆకుమడి సిద్ధం చేశాను. ఈ ఏడూ ఆకాశం ఖాళీగానే ఉంది.

ఇదంతా రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. తమ్ముడి గురించి వచ్చినచోట గొంతు కాస్త తగ్గించాను. ఆవిడ చింతపండులో గింజలు తీస్తూ చివరిదాకా విన్నది.

“మా తమ్ముడి సంగతి నిజమే. వాడంతే” అంది. “మధ్యలో ఆ గేదె ఏంటండీ?”

“ఏం, గేదె కాదా?”

“గేదె ఆ పొద్దున దొడ్లో కట్టేసి ఉంది. అదే డ్రైను రేవులో నేను బట్టలుతుకుతుంటే సబ్బు నురగ రాలేదు. ఏవండీ, ఉప్పు నీళ్లండీ, ఆపండీ అని గొంతు చించుకున్నాను. మీరు పెదాలు చప్పరిస్తూ నిలబడ్డారు. తడి చీరతో గట్టెక్కి వచ్చి ఇంజను ఆపింది నేను. పెళ్లాం మాట వల్ల నారు దక్కిందని రాయడానికి నామోషీ అయితే, ఈ ఏడు ఆకుమడికి నీళ్లు ఆ గేదెనే పెట్టమనండి.”