గోధుమరంగు కాగితం ఒక్కటే ఉంది

బొగ్గు బాబాయి పెన్సిల్ కొనడానికొస్తే దుకాణందారు ముందే కుర్చీ వేస్తాడు, పూట పడుతుందని. ప్రతి బొగ్గు పెన్సిల్‌నూ గీసి, ఆ చప్పుడు చెవి ఒగ్గి వింటాడు. కాగితాన్ని చెంపకు రాసుకుని గరుకు చూస్తాడు. చీమను గీస్తే కనురెప్పలు లెక్కపెట్టి మరీ గీస్తాడు, ఒకటి తగ్గితే చీమే వచ్చి నిలదీస్తుంది. ఆ సాయంత్రం మాత్రం ఒంటరిగా రాలేదు. కుర్చీలో వాళ్లన్న కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే అన్నకు కంటి ఆపరేషన్. చూపు మిగులుతుందో లేదో డాక్టరే చెప్పలేనన్నాడు. ఆలోపే, చనిపోయిన భార్య ముఖం ఒక్కసారి చూడాలంటున్నాడు. ఆవిడ కెమెరా చూస్తే వంటింట్లోకి పారిపోయే మనిషి, ఒక్క ఫొటో లేదు.

"తెల్లకాగితాలు బోలెడున్నాయి బాబాయ్."

"తెలుపు అన్నయ్య కళ్లకు గుచ్చుకుంటుంది. గోధుమరంగుది తియ్యి."

ఒక్కటే ఉంది. జుట్టుకు మెత్తటి పెన్సిల్, రెప్పలకు గట్టిది ఏరుకుని అక్కడే గీశాడు. అన్న కాగితాన్ని ముక్కుదాకా తెచ్చుకున్నాడు. కనుబొమల మధ్య ముడత దగ్గర వేలు ఆపాడు.

"వదిన కాదా?"

"మీ వదినే. నిన్ను చూసేటప్పటి ముఖంరా ఇది. నన్నిలా చూసేది కాదు."

చెరిపితే మసి మిగలొచ్చు, మరో కాగితం లేదు. బాబాయి ఊపిరి బిగబట్టి, కనుబొమల మధ్య ముడతను బొటనవేలితో తుడిచి, కంట్లో సుద్దముక్కతో ఒక్క తెల్లచుక్క పెట్టాడు. అన్న ఆ కాగితాన్ని మళ్లీ అందుకుని ఇక తిరిగివ్వలేదు.