మా ఇంటి డ్రమ్మరును కలవడానికి ఎమ్మిగనూరు దాకా

ఆదోనిలో ఒంటిగంట బస్సు దొరికితే ఎమ్మిగనూరుకు హాయిగా కూర్చుని పోవచ్చు. నాకు దొరకలేదు. మార్కెట్ యార్డు దగ్గర పత్తి లారీలు అడ్డం పడి, మా ఆటో అరగంట కదల్లేదు. రెండింటి బస్సు ఎక్కేసరికి నిలబడడానికే చోటు లేదు. పైగా చేతిలో టిఫిన్ క్యారియరు.

అసలు ఆ మధ్యాహ్నం మా ఆయనే ఇంటికి రావలసింది. ఆయన ఒక పేరున్న పాప్ గాయని బృందంలో డ్రమ్స్ వాయిస్తాడు. ఆదోని పెళ్ళి బ్యాండుతో మొదలుపెట్టి, బెంగళూరు హోటళ్ళలో వాయించి, చివరికి ఆమె దగ్గర కుదురుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా ఊళ్ళు తిరగడమే. ఇన్నాళ్ళకు మా పక్కనే ఎమ్మిగనూరులో కచేరీ పడింది. "ఇంటికొచ్చి తిని పోతా" అన్నవాడు, నేను రొట్టెలన్నీ చేశాక ఫోన్ చేసి, "సౌండ్ చెక్ ఉంది, నువ్వే రా" అన్నాడు.

రొట్టెల కోసమే అయితే వెళ్ళేదాన్ని కాదు. మార్చిలో అమ్మాయికి పదో తరగతి పరీక్షలు. ఆస్పరిలో నర్సును నేను. ఆ నెల నాకు రాత్రి డ్యూటీలు. ఇంట్లో ఉండమని అడిగినప్పుడల్లా "మేడం లీవు ఇయ్యదు" అంటాడు. ఈసారి ఆ మేడంతోనే తేల్చుకుందామనుకున్నాను.

గోనెగండ్ల పోయే ఒకావిడ నా క్యారియరు తన ఒళ్ళో పెట్టుకుంది. "యాడికి పోతాండావమ్మా?"

చెప్పాను.

"ఆయమ్మ పక్కన ఎగురుతాడే, ఆయప్పనా?"

"కాదు, వెనకాల కూర్చుంటాడు."

"వెనకాల ఎవరుంటారో మేం యాడ సూసినాం!"

ముందు సీటు అతను వెనక్కి తిరిగాడు. "అక్కా, ఆయమ్మతో ఒక ఫోటో ఇప్పిస్తావా?"

నాకే మా ఆయన కనబడి నెలన్నరయింది.

మైదానం గేటు దగ్గర పాస్ అడిగారు. డ్రమ్మరు భార్యనన్నాను. "డ్రమ్మరంటే ఎవరక్కా?" అన్నాడు కాపలాదారు. లోపల దబదబ బాదుతున్నది ఆయనేనని చెప్పినా నమ్మలేదు. బాదుతున్నవాడు ఫోన్ ఎత్తడు కదా! ఆ చప్పుడు ఆగేదాకా ఎండలోనే నిలబడ్డాను.

నాలుగు దాటాక వేళ్ళకు టేపులతో వచ్చి, నన్ను స్టేజీ వెనక్కి తీసుకుపోయాడు. క్యారియరు విప్పానో లేదో, గాయని వచ్చింది. మేకప్పు లేదు, కాళ్ళకు హవాయి చెప్పులు. "జొన్నరొట్టెలా!" అంటూ కుర్చీ లాక్కుని ఆయన వాటాలోంచి ఒకటి తీసుకుంది. వేరుశనగ చట్నీ రెండుసార్లు వేయించుకుంది. పోట్లాడదామని వచ్చిన నేను వడ్డిస్తున్నాను.

ఇక ఆగలేక అడిగేశాను. "మేడం, మార్చిలో ఈయనకు ఒక నెల లీవు కావాల. పాపకు పరీక్షలు."

"లీవా? నన్నెప్పుడూ అడగలేదే! తప్పకుండా తీసుకోమనండి" అంది.

నేను ఆయన వైపు చూశాను. ఆయన రొట్టె వైపు చూస్తున్నాడు.

ఆమె చెయ్యి కడుక్కుంటూ, వెతుక్కుంటూ వచ్చిన తన మేనేజరుతో అంది: "మార్చికి ఆ చెన్నై అబ్బాయిని పిలవండి. బాగా వాయిస్తే కొన్నాళ్ళు అతనితోనే చేద్దాం." నాతో, "రొట్టె చాలా బాగుందండీ" అని వెళ్ళిపోయింది.

ఆయన నమలడం ఆపేశాడు.

"నువ్వు అడగనే లేదా?" అన్నాను.

"అడిగితే ఇస్తాదని తెలుసు. ఇచ్చినాంక ఏమైతాదో ఇప్పుడు నువ్వూ ఇన్నావు గదా."

"నాకు ముందే సెప్పొచ్చు గదప్పా!"

"సెప్తే, బిడ్డ కంటే ఆ డ్రమ్ముల కాడి కుర్చీ ఎక్కువా అంటావని."

నిజమే, అనేదాన్నే.

"వస్తా. మార్చిలో ఇంటికాడే ఉంటా" అన్నాడు. ఇంతలో ఎవరో పిలిచారు. సగం రొట్టె వదిలేసి వెళ్ళాడు.

అమ్మాయి ఇంట్లో ఒక్కతే ఉంది కాబట్టి కచేరీకి ఆగలేదు. సాయంత్రం ఆదోని వైపు బస్సులు ఖాళీగా ఉంటాయి; జనమంతా ఎదురుగా, మైదానానికి వస్తున్నారు. కిటికీ పక్కన కూర్చుని, ఆ గాయని చేసిన తప్పేమిటా అని వెతికాను. ఎంత వెతికినా దొరకలేదు. అదే విసుగు. ఇంటికి ఫోన్ చేసి, నాన్న మార్చిలో ఇంట్లోనే ఉంటాడని చెప్పాను.

"నెలంతానా?" అని కేక వేసింది అమ్మాయి.

"నెలంతా. ఆ తర్వాత గూడా ఉంటాడేమో."

అది ఇంకా గట్టిగా కేక వేసింది.