వేగి వారి కోడలిగా

మా మావగారు పోయిన ఆదివారం పొద్దున్న కన్నుమూశారు. గుడిలో ఆరాధన మొదలవకముందే కబురు తెలిసి, పాస్టరు గారితో పాటు సగం గుడి మా వాకిట్లోకి వచ్చేసింది. నేను అయిదో తరగతి దాకా చదువుకున్నదాన్ని. నలుగురిలో నిలబడి మాట్లాడలేను. అందుకే ఆయన గురించి చెప్పుకోవలసింది ఇలా రాస్తున్నాను.

ఆయన రాజోలు వైపు కాలవ లాకుల దగ్గర, తలుపులు తీసి మూసే లస్కరుగా పనిచేశారు. లాకు తలుపుల మధ్య నీళ్లు నిండేదాకా పడవలు ఆగాలి కదా, ఆ కాసేపూ పడవవాళ్లను ఇంటిపేరు అడిగేవారు.

"కొవ్వూరి వాళ్లమండీ."

"అయితే మీ పెద్దలు కొవ్వూరు నించి వచ్చేరన్నమాట."

"నేనా ఊరు చూడనే లేదండీ బాబూ."

"చూడకపోతేనేం. ఊరే మీతో పడవెక్కిందిగా."

పడవవాళ్లు నవ్వేవారు. ఆయనకు మాత్రం అది నవ్వులాట కాదు.

మా ఇంటిపేరు వేగి. మావగారి ముత్తాత ఏలూరు అవతల పెదవేగి నించి కాలవ తవ్వకానికి కూలికి వచ్చాడట. పని చేయించే మేస్త్రి వాళ్లను 'వేగి వాళ్లు' అని కేకేసేవాడట. బాప్తిస్మం తీసుకున్న రోజున మిషను దొరగారు ఆ మాటనే ఇంటిపేరుగా పుస్తకంలో ఎక్కించారు. మావగారు ఒకసారి పనిగట్టుకుని ఆ ఊరు వెళ్లొచ్చారు. అక్కడి బడి మేష్టారొకరు ఆయన్ని పాత ఇటుకల దిబ్బల మధ్య తిప్పి, అది రాజులు ఏలిన చోటని, శాసనాల్లో వేంగి అని ఉందని, అరవం వాళ్లు వేంగై అన్నారని, ఇంగ్లీషు పుస్తకాల్లో వెంగీ అని రాస్తారని చెప్పారట.

"ఎవరి నోటికి తగ్గట్టు వాళ్లు పిలుచుకున్నారమ్మా. కూలివాళ్ల నోట పడిందే మన ఇంటికొచ్చింది" అన్నారు నాతో, ఆ రోజు అన్నం తింటూ.

మా పెద్దమ్మాయిని బడిలో వేసినప్పుడు ఆ పేరు నా వల్లే పోయేది. మా ఆయన ఊళ్లో లేరు, నేనే తీసుకెళ్లాను. తండ్రి పేరు ఇంటిపేరుతో సహా చెప్పమన్నారు గుమాస్తా గారు. మా వైపు ఆడవాళ్లు భర్త పేరు నోటితో అనరు, పక్కనున్నవాళ్లు అందిస్తారు. ఆ రోజు పక్కన ఎవరూ లేరు. తండ్రి పేరు పిల్లే చెప్పింది. ఇంటిపేరు దానికి తెలీదు. అదీ భర్త పేరులో ముక్కే కదా అని నాకు నోరు పెగల్లేదు.

"ఊరవతల పేటలో వాళ్లకి ఇంటిపేర్లేముంటాయిలే" అని గుమాస్తా గారు పిల్ల పేరు ముందు 'పేట' అని రాసేశారు.

ఇంటికొచ్చి ఏడ్చాను. మావగారు కోప్పడలేదు.

"రేపు వెళ్లి మార్పించుకో అమ్మా."

"మీరు కూడా రండి మావయ్యగారూ."

"వస్తాను, గేటు దాకా. పెళ్లయిన నాటి నించీ అది నీ పేరు కూడాను. నీ పేరు నువ్వు చెప్పుకోడానికి సిగ్గెందుకు?"

మర్నాడు వెళ్లి, ఇంటిపేరు వేగి అని రాయమన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అది ఊరి పేరు కదమ్మా?" అన్నారు గుమాస్తా గారు.

"ఆయ్, ఊరి పేరేనండీ. మా వాళ్లు అక్కణ్ణించి నడిచొచ్చి, మీ చేలకి నీళ్లొచ్చే కాలవ తవ్వేరండీ."

ఆయన నా వంక ఒకసారి చూసి, 'పేట' కొట్టేసి, పైన వేగి అని రాశారు. గేటు దగ్గర మావగారికి ఆ మాట చెప్పాను. సాయంత్రం ఆయన లాకు దాటిన ప్రతి పడవవాడికీ "మా కోడలు చెప్పింది" అని చెప్పుకున్నారట. కొబ్బరికాయల పడవ మీద వెళ్లే ముసలాయన మా వాకిట్లోకి వచ్చి మరీ, "నువ్వేనా అమ్మా ఆ కోడలివి?" అని అడిగి వెళ్లాడు.

సోమవారం సమాధి మీద సిమెంటు పోశాక, మేస్త్రి మేకు పట్టుకుని పేరు చెప్పమన్నాడు. మా ఆయనకు ఏడుపు ఆగలేదు. మావగారి పేరు కూడా కోడలు అనకూడదు మా వైపు. అంతమంది మగవాళ్ల మధ్యా ముందుకెళ్లి, ఇంటిపేరుతో సహా చెప్పాను. అతను రాస్తుండగానే తుంపర మొదలైంది. అందరూ కొబ్బరిచెట్ల కిందికి జరిగారు. నేనూ మా పెద్దమ్మాయీ గొడుగు ఆ అక్షరాల మీద పట్టుకుని, సిమెంటు గట్టిపడేదాకా తడుస్తూ నిలబడ్డాం.