గంప బోర్లించే చెయ్యి

పాకాల బస్టాండు దగ్గర గొడుగు కింద సిమ్‌లు అమ్మే అతను "ఏడాదంతా ఫ్రీ అక్కా" అంటూ వేలిముద్ర యంత్రం నా ముందుకు జరిపాడు. నేను బొటనవేలు దాని మీద పెట్టబోతుండగా, పక్కనున్న మా అత్త తన అరచెయ్యి బోర్లించింది. ఇందులో ఏదో ప్రమాదం ఉందని నాకు అప్పుడే అనిపించింది.

అత్త బంగారుపాళ్యం మండీలో మామిడికాయలు కొని రోడ్డు పక్కన అమ్మేది. గంప బోర్లించి అడుగుకాయలు చూడనిదే ఏనాడూ బేరం మాట్లాడలేదు. ఆ సైగ ఆమె చేతికి అలా అలవాటైపోయింది.

"గంప బోర్లించప్పా," అంది.

"గంప యాడుందవ్వా?" అని అతను నవ్వాడు.

"నీ నోట్లోనే ఉండాది. పైకాయలు సూపించినావు, అడుగుకాయలు గూడా సూపించు."

అతను తల గోక్కున్నాడు. "సిమ్ ఏడాదంతా ఉంటాదవ్వా. మూడు నెలలు దాటితే మాత్రం, ఫోన్ చేసుకునేదానికి నెలనెలా రీఛార్జి ఏసుకోవల్ల."

"అంటే నాలుగో నెల బిడ్డకు మళ్ళా ఆయాసం వస్తే, లారీ మీదుండే నా కొడుక్కి ఈ పిల్ల ఫోన్ చేసుకోలేదు. అంతే గదా?"

బిడ్డకు ఆయాసం వచ్చినప్పుడు లారీ నడిపే మా ఆయనకు ఫోన్ చేయడానికే నేను ఆ సిమ్ కొనాలనుకున్నాను. నేను వేలు వెనక్కి తీసుకున్నాను.

అత్త ఇప్పుడు లేదు. పిల్లలకు కాస్త ఒళ్ళు వెచ్చబడినా హడలిపోయే నేను, అమ్మేవాళ్ళ ముందు మాత్రం జంకను.

సిమ్ కొనకుండా తిరిగొచ్చిన మరునాడు పొద్దున పిల్లలు కొత్త సిమ్ ఏదని అడిగారు. నేను మొదటిసారి అత్తలాగే చెయ్యి బోర్లించి, "అడుగుకాయలు బాగలేవు. అందుకే కొనలేదు," అని చెప్పాను.